వదలని సిగపట్టు

మిరపకాయను కిందటి వారం వంటగది సెట్టులో, నేలమీద కూలబడి, ఊడొచ్చిన తన జుట్టును తనే గుప్పిట్లో పెట్టుకుని చూసుకుంటున్న చోట వదిలేశాం. ఆమెను అలా కూర్చోబెట్టి మనం మన పనులు చూసుకున్నాం గాని, ఆమె లేచింది, నెత్తిన చల్లటి నీళ్ళు పోసుకుంది, ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా ఇంటికి పోయింది. దొరసాని కూడా నోరు విప్పలేదు. కెమెరా పట్టిన అన్నయ్యకైతే మాట్లాడాల్సిన సంగతి ఒకటి జరిగిందని కూడా తెలియదు. షాటు బ్రహ్మాండంగా వచ్చిందని ఈల వేసుకుంటూ లైట్లు ఆర్పేశాడు.

ఈ వారమే పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఒక అన్నయ్య, ఆయన భార్య, ఆయన చెల్లెలు కలిసి నడిపే చిన్న కంపెనీ ఇది. ఊరి చివర పాత ఫర్నిచర్ గోడౌనులో మూడు గోడల వంటగది ఒకటి, మూడు గోడల హాలు ఒకటి వేసుకుని, ఆడవాళ్ళ సిగపట్ల వీడియోలు తీస్తారు. చెల్లెలు మిరపకాయ, భార్య దొరసాని. తెరమీద వాళ్ళు ఒకరి పొడ ఒకరికి గిట్టని శత్రువులు. ఇంటికొస్తే ఒకే దువ్వెన వాడుకునే వదినా ఆడపడుచులు. ఆ సంగతి అభిమానులకు తెలియదు, తెలియకూడదు కూడా.

సిగపట్టు అంటే చూసేవాళ్ళకు లాగేదాని పనిలా కనిపిస్తుంది. నిజానికి చాకిరీ అంతా లాగించుకునేదానిదే. లాగే మనిషి పిడికిలి బిగించినట్టు కనిపించాలి గాని బిగించకూడదు, నెత్తికి ఆనించి ఉంచాలి, అంతే. లాగించుకునే మనిషి ఆ మణికట్టును రెండు చేతులా పట్టుకుని తన తలను తనే అటూ ఇటూ తిప్పుకుంటుంది, తనే గావుకేకలు పెడుతుంది. ఇక చాలనుకున్నప్పుడు మణికట్టు మీద రెండుసార్లు నొక్కుతుంది. ఆ నొక్కు తగలగానే పిడికిలి విప్పెయ్యాలి. వీళ్ళిద్దరి మధ్య ఉన్న ఒప్పందం అదొక్కటే, ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు మిరపకాయ నొక్కింది. దొరసాని వదల్లేదు. మళ్ళీ నొక్కింది. వదలకపోగా ఇంకాస్త బిగించింది.

వీడియో బయటికొచ్చింది మొదలు అభిమానుల్లో రగడ. ఈ అభిమానులంతా ఒకే తానులో ముక్కలనుకుంటే పొరపాటే. కొందరికి జుట్టు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ముందు మాటలు కాస్త సాగితే "సోది ఆపి మొదలుపెట్టండి" అని విసుక్కుంటారు. ఇంకొందరికి ఆ సోదే ప్రాణం. తిట్టుకోవడాలు అయిపోగానే కట్టేసి వెళ్ళిపోతారు. కుస్తీ తెలిసినవాళ్ళు కాలు ఎక్కడ పెట్టాలో, నడుం ఎక్కడ వంచాలో పేజీలకు పేజీలు రాసి ప్రాణం తీస్తారు. చివర్లో ఇద్దరూ ఏడ్చి కావలించుకుంటే గాని మనసు కుదుటపడని వాళ్ళున్నారు, కావలించుకున్నారంటే మండిపడేవాళ్ళూ ఉన్నారు. ఇక కథల వాళ్ళది వేరే జాతి. వాళ్ళు వీడియోల మొహం చూడరు. మిరపకాయ రాసి సైటులో పెట్టే కథలు మాత్రం చదువుతారు, చాలకపోతే వాళ్ళే రాసుకుంటారు.

ఇంతమందీ ఈసారి ఒకే ప్రశ్న మీద పడ్డారు. ఆ పట్టు నిజమా, నటనా?

మిరపకాయ కూడా అదే ప్రశ్నతో ఫోను ముందేసుకుని కూర్చుంది. విచిత్రం చూడండి, ఆ పట్టు పడింది తన నెత్తిమీద. అడగాల్సిన మనిషి పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. అయినా వదిన మనసులో ఏముందో తెలుసుకోవడానికి ముక్కూ మొహం తెలియని వాళ్ళ కామెంట్లు చదువుతోంది. వదినను అడగాలంటే భయం. "అవును, కావాలనే" అంటుందేమోనని.

జుట్టు వాళ్ళు ముక్తకంఠంతో నిజమే అన్నారు, ఇన్నాళ్ళకు అసలు సిసలు సిగపట్టు చూశామని పండగ చేసుకున్నారు. అది చదివినంతసేపూ మిరపకాయకు వదిన మీద కోపం పొంగుకొచ్చింది. ఆ కింద మాటల వాళ్ళు, దొరసాని పెదవులు కదిలాయి, ఏదో అంది, చెవులు పెట్టి వినండి అన్నారు. మిరపకాయ విన్నది. ఏమీ వినపడలేదు. చివర్లో కావలింత కోరే రాజీ వాళ్ళకు దొరసాని కళ్ళలో నీళ్ళు కనిపించాయట. అప్పుడు వదిన మీద జాలేసింది. కుస్తీ తెలిసినవాళ్ళు ఆమె బొటనవేలు బయటే ఉండిపోయింది, అసలది పట్టే కాదు అన్నారు. వాళ్ళెప్పుడూ ఏదో ఒక వంక పెడతారని ఆ మాట చెవిన వేసుకోలేదు. కథల వాళ్ళయితే అప్పుడే మధ్యలోకి దొరసాని మొగుణ్ణి తెచ్చేశారు. ఇద్దరి కన్నూ ఒకే మగాడి మీద పడిందట! ఆ మగాడు తన తోడబుట్టినవాడని వాళ్ళకేం తెలుసు. ఛీ అని ఫోను బోర్లా పడేసింది.

ఏది చదివితే అదే నిజమనిపిస్తోంది. తర్వాతది చదివేసరికి ముందుది పోతోంది.

ఊడిన చోటు కనపడకుండా పాపిడి మార్చుకోవాలని పార్లరుకు వెళ్ళింది. అక్కడా మనశ్శాంతి దొరకలేదు. తల కడిగి, మొహం మీద టవలు కప్పి వెనక్కి వాల్చేసరికి, పక్క కుర్చీలో ఉన్న బ్యాంకు ఆవిడ పార్లరావిడతో అంటోంది:

"చూశావా నువ్వు? దొరసాని గుంజింది చూడు, నిజంగా గుంజింది. నా ఒళ్ళు జలదరించిందంటే నమ్ము."

"నేను చూడను బాబూ," అంది పార్లరావిడ. "నేను కథలే చదువుతా. వీడియోలో ఏముంటుంది, గుంజడం, కింద పడడం. ఎందుకు గుంజిందో తెలియాలిగా? కారణం తెలియని కొట్లాట రోజూ నా షాపు ముందు బస్టాపులో చూస్తూనే ఉన్నా."

"కారణం ఎందుకే? దొరసాని చూపే కారణం. మిరపకాయకు ఆ మాత్రం తగలాల్సిందే. ఆ నోరు చూశావా, ఎప్పుడూ వాగుతూనే ఉంటుంది."

టవలు కింద మిరపకాయ పళ్ళు నూరుకుంది. ఆ వాగుడు రాసింది కూడా తనే.

"నీకు మొదట్నుంచీ దొరసాని పిచ్చి," అంది పార్లరావిడ. "నాకైతే మిరపకాయే ఇష్టం. కథల్లో అది లోపల ఏమనుకుంటుందో ఉంటుంది కదా. పాపం, పైకి అరుస్తుంది గాని దానికి ఎదుటి మనిషంటే భయం. తనను వదిలేసి పోతుందేమోనని."

అలా అంటూ పార్లరావిడ దువ్వెనతో పాపిడి తీసింది. దువ్వెన ఆగిపోయింది. ఊడిన చోటు ఇంకా ఎర్రగానే ఉంది. టవలు కింద ఎవరున్నారో ఆమెకు తెలిసిపోయింది. తర్వాత పార్లరావిడ పక్క కుర్చీలో ఆవిడకు కనపడకుండా అడ్డంగా నిలబడి, గొంతు తగ్గించి అంది:

"నొప్పిగా ఉందామ్మా?"

"కొంచెం," అంది మిరపకాయ టవలు లోంచి.

"నిజంగానే లాగిందా మరి?"

"తెలీదండీ," అంది మిరపకాయ. చెప్పేశాక గాని అర్థం కాలేదు, తన దగ్గర ఉన్న ఒకే ఒక్క నిజం అదేనని. టవలు కిందే ఏడుపొచ్చింది. పార్లరావిడ ఇంకేమీ అడగలేదు, జుట్టును ఆ చోటు మీదకు నెమ్మదిగా దువ్వి పిన్ను పెట్టింది. అభిమానుల్లో మంచివాళ్ళూ ఉంటారు, మనం ఎక్కువగా గోల చేసేవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటాం.

పార్లరు నుంచి నేరుగా గోడౌనుకు వెళ్ళింది. వదిన ఒక్కతే ఉంది. హాలు సెట్టులో బల్ల వేసుకుని తర్వాతి వీడియో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఎడమ చేత్తో చేస్తోంది, అందుకే పని నత్తనడక నడుస్తోంది. మిరపకాయకు అది కనిపించింది గాని అప్పుడు బుర్రకెక్కలేదు. మనిషి పోట్లాటకు సిద్ధమై వచ్చినప్పుడు అలాంటివి ఎక్కవు.

"వదినా, ఒకటడుగుతాను. అబద్ధం చెప్పకు."

"అబద్ధమాడాలంటే డైలాగు నువ్వే రాసివ్వాలిగా," అంది వదిన నవ్వుతూ. తర్వాత మరదలి మొహం చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఏమైందే?"

"ఆ రోజు ఎందుకు వదల్లేదు?"

వదిన బల్లమీది చొక్కా కాలరు సరిచేసింది. "నువ్వు నొక్కలేదుగా," అంది.

"నొక్కలేదా? రెండు కాదు, ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు! నా గోళ్ళు దిగబడి ఉంటాయి నీ చేతిలో."

"నొక్కితే నాకు తెలీకుండా ఉంటుందా? ఇన్నేళ్ళుగా నీ తల పట్టుకుని తిప్పుతున్నా. నువ్వు కంగారులో నొక్కాననుకుని ఉంటావు."

"అంటే నేను అబద్ధాలకోరునా?"

"నేనన్నానా ఆ మాట?"

"అనకుండానే అంటున్నావు. నామీద ఏదన్నా ఉంటే మొహం మీద అనెయ్యి వదినా, జుట్టు మీద చూపించకు. ఏంటి నీ బాధ? నీ కొత్త చెప్పులు వేసుకెళ్ళి తెంపాననా? అమ్మ దగ్గర నీ వంట గురించి అన్న మాట నీ దాకా వచ్చిందా?"

"వంట గురించి ఏమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఏదో అన్నావు."

"అది కాదిప్పుడు! ఎందుకు వదల్లేదో చెప్పు."

"నొక్కలేదని చెప్తుంటే వినవేం?" వదిన గొంతు కూడా లేచింది. తెరమీద ఎన్నోసార్లు అరుచుకున్నారు గాని, రాసిపెట్టని మాటలతో అరుచుకోవడం వీళ్ళకు చేతకాదు. చివరికి వదినే బల్లమీద కుడి చెయ్యి చాపింది. "సరే, ఇదిగో చెయ్యి. ఇదిగో కళ్ళు కూడా మూసుకున్నా. ఆ రోజు ఎలా నొక్కావో అలాగే నొక్కు. తెలుస్తుందో తెలీదో నేను చెప్తా."

మిరపకాయ మణికట్టు పట్టుకుని రెండుసార్లు నొక్కింది.

వదిన కళ్ళు మూసుకునే ఉంది. "ఊఁ," అంది.

ఆ ఊఁ ఒప్పుకోలనుకుంది మిరపకాయ. "చూశావా మరి?"

"ఏం చూడాలి? నొక్కవే."

మిరపకాయ మళ్ళీ నొక్కింది, ఈసారి గట్టిగా. బొటనవేలి గోరు గుచ్చుకునేలా నొక్కింది. వదిన మొహంలో ఉలుకూ పలుకూ లేదు. బడిలో వరసలో నిలబడ్డ చిన్నపిల్లలా బుద్ధిగా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది.

"ఎంతసేపమ్మాయ్? ఇస్త్రీపెట్టె కాలుతోంది అక్కడ."

"వదినా, కళ్ళు తెరువు," అంది మిరపకాయ.

వదిన తెరిచింది. మరదలి వేళ్ళు తన మణికట్టు మీద ఉన్నాయి. గోటి గుర్తులు చంద్రవంకల్లా తేలి, ఒకచోట రక్తం చిమ్మబోతోంది. వాటిని చూసింది, చెయ్యి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకెవరిదో చెయ్యి పొరపాటున తన ఒళ్ళోకి వచ్చి పడ్డట్టు చూసింది.

"ఎప్పట్నుంచి?" అంది మిరపకాయ.

"వేళ్ళు మొద్దుబారడం చాన్నాళ్ళ నుంచే ఉంది. కప్పులు జారిపోతుంటాయి. చాకిరీ చేసే చెయ్యి, అందరికీ ఉండేదేలే అనుకున్నా." వదిన గోటి గుర్తులను ఎడమ చేత్తో తడిమింది. "మణికట్టు దాకా వచ్చిందని నాకూ తెలీదే. ఇప్పుడే తెలిసింది. ఆ రోజు పట్టు జారిపోతోందేమోనని ఇంకాస్త బిగించా. ఎంత బిగించానో తెలిస్తే కదా. షాటు అయ్యాక నీ చేతిలో జుట్టు చూసి, నువ్వే ఎక్కువ తిప్పుకున్నావనుకున్నా. నీమీద కోపం కూడా వచ్చింది, నా పట్టును చెడగొట్టావని."

వారం రోజుల కోపం మిరపకాయలోంచి ఒక్కసారిగా దిగిపోయింది. వదినకు తనమీద ద్వేషం లేదు. ఆ సంతోషం నిండా తెలిసేలోపే సిగ్గు వచ్చింది, సిగ్గు వెనకే భయం వచ్చింది. ఏది ముందు పడాలో తెలియక వదిన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చేతికి తను పట్టుకున్న సంగతి తెలియదని గుర్తొచ్చి ఇంకో చెయ్యి పట్టుకుంది.

"డాక్టరు దగ్గరికి పోదాం పద. ఇప్పుడే."

"మీ అన్నయ్యకు చెప్పకు ముందు."

"అన్నయ్యకు చెప్పకుండా ఎలా?"

"చెప్తే వెంటనే ఇంకో దొరసానిని పెడతారు. నాకు జ్వరమొచ్చినప్పుడు ఆ జిమ్ము పిల్లను పెట్టి తీశారు గుర్తుందా? అందరూ ఆ పిల్లే బాగుందన్నారు."

"అందరూ ఎక్కడన్నారు? కుస్తీ వాళ్ళే అన్నారు. మాటల వాళ్ళు ఏడ్చి చచ్చారు, ఆ పిల్లకు తిట్టడం రాదని."

వదిన నవ్వబోయి ఆగిపోయింది. "ఇంట్లో నేను ఒకరి భార్యను, ఒకరి కోడల్ని, నీ వదినను. ఈ మూడు గోడల మధ్యే నేను నేనుగా ఉంటా. నేను నడిచొస్తుంటే ఎక్కడెక్కడి వాళ్ళో ఊపిరి బిగబట్టి చూస్తారే. అది పోతే నాకింకేముంది? నామీద ఒట్టు, నీ నోటి నుంచి ఈ మాట బయటికి రాకూడదు."

ఆ మొహం చూసి మిరపకాయ సరేనంది. సరేనన్న మరుక్షణం తప్పు చేశానేమో అనుకుంది. అనుకునే తీరిక కూడా దక్కలేదు. షట్టరు పైకి లేచింది, ఈల వినపడింది, అన్నయ్య లోపలికొచ్చాడు. వదిన గబుక్కున చేతిని ఇస్త్రీ చొక్కా కింద దాచేసింది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా, మంచిదైంది," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "ఈ జనం ఇంతవరకు ఒక్క విషయం మీద ఒప్పుకున్న పాపాన పోలేదు. వాళ్ళకు జుట్టు కావాలి, వీళ్ళకు మాటలు కావాలి, ఇంకొకరికి ఏడుపు కావాలి. అందరి నోరూ మూయించలేక చచ్చేవాణ్ణి. ఇప్పుడేమైందో తెలుసా? అందరూ కలిసి ఒకటే అడుగుతున్నారు. ఆ పట్టు మళ్ళీ కావాలట, కళ్ళెదురుగా కావాలట. నేను హాలు మాట్లాడేశాను. వచ్చే ఆదివారం, స్టేజీ మీద, మధ్యలో కట్ చెప్పకుండా, వాళ్ళంతా ముందు కూర్చుని చూస్తారు."

"అందరూనా?" అంది వదిన.

"అందరూ! జుట్టు వాళ్ళకు ఆ బిగువు దగ్గర్నుంచి చూడాలట. మాటల వాళ్ళకు నువ్వు ఆ రోజు పెదవుల్లో ఏమన్నావో వినాలట. కుస్తీ వాళ్ళు ఆ బొటనవేలు సంగతి తేలుస్తామంటున్నారు. కథల వాళ్ళు కూడా వస్తున్నారు, చూడబోమని ఒట్టేసుకున్నవాళ్ళు! కారణం స్టేజీ మీదే చెప్పాలట. ఆ పట్టు ఎంతసేపు ఉంటే అంత మంచిది." భార్య వైపు తిరిగాడు. "చెయ్యగలవుగా?"

"ఎందుకు చెయ్యలేను?" అంది వదిన. చొక్కా కింద చెయ్యి కదల్లేదు.

మిరపకాయకు ఆ చేతి కింద తల పెట్టడానికి కాదు భయం. అంతమంది ముందు పిడికిలి విప్పుకోకపోతే, జనం చప్పట్లు కొడుతుంటే, ఇక దొరసాని పని అయిపోయిందని వదినకు అప్పుడు తెలుస్తుంది. కుస్తీ తెలిసినవాళ్ళకు అంతకంటే ముందే తెలుస్తుంది. చెప్పకూడదని మాటిచ్చింది, ఊరుకోకూడదని తెలుస్తోంది. బుర్రలో దారులన్నీ ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. వారమంతా చదివిన కామెంట్లలోంచి దొరికిన మాటను దొరికినట్టు అనేసింది:

"నేను చెయ్యను. వదిన ఆ రోజు కావాలనే లాగింది."

అన్నయ్య నవ్వాడు. "నువ్వు కూడా ఆ కామెంట్లు చదువుతున్నావా?"

"నవ్వకు అన్నయ్యా." పిన్ను తీసి పాపిడి విప్పి చూపించింది. "నొక్కాను, వదల్లేదు. మళ్ళీ నొక్కాను. ఇంకా బిగించింది. నేనిక వదినతో చెయ్యను. స్టేజీ లేదు, ఏమీ లేదు."

మిరపకాయ లెక్క ఏమిటంటే, వదిన కాదంటుంది, తను అవునంటుంది, ఇద్దరూ కాసేపు అరుచుకుంటారు, ఆదివారం సంగతి వెనక్కి పోతుంది, ఈలోపు డాక్టరును చూడొచ్చు. రోజూ కథలు అల్లే మనిషి కదా, ఎదుటివాళ్ళ డైలాగు కూడా తనే రాసేసుకుంది.

అన్నయ్య చెల్లెలి నెత్తిమీద ఎర్రటి చోటును చూశాడు. నవ్వు పోయింది. భార్య వైపు తిరిగి, ఇంట్లో ఎప్పుడూ వాడని గొంతుతో అడిగాడు:

"నిజమేనా?"

వదిన ముందు రెండు దార్లున్నాయి. చెయ్యి బయటపెట్టడం ఒకటి, చెయ్యి దాచుకుని కాదనడం ఒకటి. మిరపకాయ ఆ రెండో మాట కోసం చూస్తోంది.

"నిజమే," అంది వదిన. "కావాలనే లాగాను. జుట్టు చేతికి అందాక వదలబుద్ధి కాలేదు."

చెయ్యి సంగతి దాచుకోవడానికే ఆ మాట అంటోందని మిరపకాయ తనకు తను చెప్పుకుంది. ఇప్పుడే గదా కళ్ళారా చూసింది, గోరు దిగినా తెలియని ఆ చేతిని. ఆ చెయ్యి నిజం. మరి ఈ మాట? కెమెరా ముందు వదిన పెట్టే మొహాలన్నీ తనకు కంఠతా వచ్చు. కోపం మొహం, పొగరు మొహం, ఓడిపోయిన మొహం, అన్నీ తను రాసినవే. ఇది వాటిలో ఏదీ కాదు.

"ఎందుకు?" అన్నాడు అన్నయ్య.

వదిన భర్త వైపు చూడలేదు. సూటిగా మిరపకాయ కళ్ళలోకి చూస్తూ అంది:

"ఎందుకో దానికి తెలుసు. నన్ను చెప్పమంటారా, దాన్నే అడుగుతారా?"